సగం ఫోటో

"నోరు తెరవండి," అన్నాడు పళ్ళ డాక్టరు.

తాబేలు తెరిచాడు.

పళ్ళ డాక్టరు కుర్చీలో వెల్లకిలా పడుకున్న మనిషి ఎదురు ప్రశ్న వెయ్యలేడు. అందుకే బాబాయ్ తన ఏజెంట్లకు పనులు అప్పగించడానికి ఈ క్లినిక్కునే ఎంచుకున్నాడు. ముఖానికి మాస్కు, చేతులకు గ్లోవ్స్, ఒంటి మీద తెల్లకోటు. తలుపవతల బెంచీ మీద నిజం పేషెంట్లు చెంపలు పట్టుకుని తమ వంతు కోసం చూస్తున్నారు.

బాబాయ్ అంటే ఎవరికీ బాబాయ్ కాదు. దేశంలో ఎవరూ పైకి ఒప్పుకోని ఒక రహస్య విభాగానికి అధిపతి. ఫోనులో ఏజెంట్లు "బాబాయ్" అని పిలిస్తే, చాటుగా వినేవాళ్ళకు ఏదో ఇంటి గొడవలా ఉంటుందని ఆ పేరు పెట్టుకున్నాడు. అత్తయ్యకి జ్వరం వచ్చిందంటే ప్రమాదం ముంచుకొచ్చిందని. తగ్గిందంటే పని పూర్తయిందని.

"నిన్న స్టేషన్లో పేలింది మొదటి బాంబు," అన్నాడు బాబాయ్, చిన్న అద్దం నోట్లో పెట్టి. "నలభై మందికి పైగా పోయారు. రెండో బాంబు ఇంకా పేలలేదు."

"ఎక్కడుంది?" అని అడగబోయాడు తాబేలు. అద్దం అడ్డొచ్చి అది మూలుగులా వినిపించింది.

"మీ న్యూస్ రూమ్‌లో."

తాబేలు అసలు పేరు ఆ విభాగంలో ఇద్దరికి తప్ప తెలియదు. ట్రైనింగ్‌లో అందరికన్నా వెనక పరిగెత్తి, అందరూ దారి తప్పిన అడవిలోంచి ఒక్కడే బయటికి వచ్చాడని ఆ పేరు వచ్చింది. ఏడాదిగా ఒక న్యూస్ ఛానల్లో బ్రేకింగ్ డెస్క్ ఇన్‌ఛార్జి వేషంలో ఉన్నాడు. టీవీ తెర అడుగున ఎర్రపట్టీ మీద కనిపించే అక్షరాలు అతనివే. నాలుగు మాటల్లో నలుగురి గుండెలూ దడదడలాడేలా రాయగలడు. గూఢచారి ఉద్యోగం కన్నా అదే అతనికి బాగా అబ్బిందని బాబాయ్ ఎగతాళి చేసేవాడు.

"విదేశీ గూఢచారుల రింగు. వాళ్ళ మెసేజ్ ఒకటి పట్టుకున్నాం," బాబాయ్ చెబుతూనే పంటి మీద ఏదో బిగిస్తున్నాడు. "'మొదటిది మందుగుండు, రెండోది జనం.' అంతే. ఊరు మొత్తాన్నీ వంతెన అవతల పేట మీదకి ఉసిగొల్పాలని ప్లాన్. మనలో మనం కొట్టుకుంటుంటే సరిహద్దు దగ్గర వాళ్ళ పని నల్లేరు మీద బండి నడక. మీ ఛానల్‌కి వచ్చిన కన్సల్టెంట్ వాళ్ళ మనిషే. అతని చేతికింద లోపలివాళ్ళు ఎవరో ఒకరు ఉండి ఉండాలి. ఎవరో కనిపెట్టు. రెడ్ హ్యాండెడ్‌గా దొరికేదాకా అతన్ని ముట్టుకోకు."

తాబేలు తలూపాడు.

"పంటి మీద వేసిన క్యాప్‌లో మైకూ రిసీవరూ ఉన్నాయి. నేను మాట్లాడితే నీ దవడ ఎముకలో వినిపిస్తుంది. పక్కవాడికి వినపడదు. వేడి కాఫీ మాత్రం తాగకు, చెడిపోతుంది." బాబాయ్ గ్లోవ్స్ విప్పాడు. "ఏం జరిగినా నీ వేషం బయటపడకూడదు. ఏం జరిగినా సరే. అర్థమైందా?"

"అర్థమైంది బాబాయ్," అన్నాడు తాబేలు. ఆ మాట ఎంత బరువైనదో అప్పటికి అతనికి అర్థం కాలేదు.

న్యూస్ రూమ్ గోడ నిండా టీవీలు. పోటీ ఛానళ్ళన్నీ అక్కడ వరసగా వెలుగుతుంటాయి. ఒకడు తుమ్మితే అందరూ చీదుతారు. ఆ ఉదయం అన్నిటి మీదా ఒకే దృశ్యం: పొగచూరిన స్టేషన్ పైకప్పు, దాని కింద జత తప్పిన చెప్పులు. ప్రతి ఛానల్ వాడూ ఒకే ప్రశ్న అడుగుతున్నాడు. ఎవడు చేశాడు?

ఆ ప్రశ్నకు జవాబు కన్సల్టెంట్ ఫోనులో ఉంది. రేటింగులు పెంచడానికి ఛైర్మన్ విదేశం నుంచి రప్పించుకున్న మనిషి అతను. మెత్తటి మాట, మెత్తటి బూట్లు, జేబులో పిప్పరమెంట్ల డబ్బా. మీటింగ్ టేబుల్ మీద ఫోను పెట్టి అందరి వైపూ తిప్పాడు.

ఫోటోలో ఒక మనిషి. నీలం చొక్కా, మసిబారిన ముఖం, భుజాన బరువైన సంచి. స్టేషన్ హాల్లోంచి గబగబా వస్తూ వెనక్కి చూస్తున్నాడు.

"లిఫ్ట్ మెకానిక్కు. వంతెన అవతల పేటలో ఉంటాడు," అన్నాడు కన్సల్టెంట్.

వంతెన అవతల పేట అంటే పని వెతుక్కుంటూ ఎక్కడెక్కడినుంచో వచ్చి స్థిరపడ్డవాళ్ళది. తాతల నాడు వచ్చినా వాళ్ళకి ఇంకా 'వచ్చినవాళ్ళు' అన్న పేరు పోలేదు. మాట తీరులో కాస్త యాస. అది చాలు ఊరికి.

"సోర్స్ ఎవరు?" తాబేలు అడిగాడు.

"పేరు చెబితే ఇంక సోర్స్ ఎలా అవుతాడండీ?" కన్సల్టెంట్ నవ్వి పిప్పరమెంటు అందించాడు.

"పోలీసులు కన్ఫర్మ్ చేశారా?"

ఆ ప్రశ్నకు టేబుల్ అవతలి నుంచి ఒక తల ఇటు తిరిగింది. ఆమె ఛానల్ స్టార్ యాంకర్. చెంపల మీద ఊగే ముత్యాల లోలాకులు, కెమెరానే తడబడేలా చేసే చూపు. బయట లక్షలమంది అభిమానులు, లోపల వెనకనుంచి అందరూ పిలిచే పేరు 'మిరపకాయ'.

"ఇన్‌ఛార్జి గారికి ఈ రోజు జాలి పొంగిపోతోంది," అంది. "ఏం, తెలిసినవాడా?"

కన్సల్టెంట్ పిప్పరమెంటు చప్పరించడం మానేసి తాబేలు కళ్ళలోకి చూశాడు. తాబేలు దవడలో సన్నగా గొంతు పలికింది. "వేసెయ్. లేకపోతే దొరికిపోతావు."

తాబేలు గొంతు సవరించుకున్నాడు. "నాకెందుకు జాలి? క్వశ్చన్ మార్క్ పెట్టి వేద్దాం."

ఈ వృత్తిలో ప్రశ్నార్థకం ఒక గొడుగు. ఊరంతా రాళ్ళవాన కురిసినా, పట్టుకున్నవాడి తలకి దెబ్బ తగలదు. రెండు నిమిషాల్లో ఎర్రపట్టీ వెలిగింది. స్టేషన్ పేలుడు: ఇతడేనా?

మధ్యాహ్నం బులెటిన్‌లో మిరపకాయ ఆ గొడుగు మూసేసింది. "ఇతడే," అంది కెమెరా కళ్ళలోకి చూస్తూ. ఆ తర్వాత నాలుగు కిటికీల చర్చ మొదలైంది. రిటైరైన ఆఫీసరు ఒకరు, ఏ విషయమైనా మాట్లాడగల నిపుణుడు ఒకరు, అరవడానికి ఇద్దరు. మిరపకాయ తన వైపు చూసినప్పుడల్లా తాబేలు, వెనకబడ్డానని ఆమెకి అనిపించకూడదని ఇంకో నాలుగు మాటలు కారంగా రాసేవాడు. వాటిని ఆమె మరింత కారంగా చదివేది. చర్చ మధ్యలో తాబేలే పోల్ కూడా పెట్టాడు. వంతెన అవతల పేటను ఖాళీ చేయించాలా? ఫోన్ లైన్లు తెరవకముందే గ్రాఫిక్స్ వాడు 'అవును' గీతని ముప్పాతిక దాకా గీసి ఉంచాడు.

లిఫ్ట్ మెకానిక్కు ఆ సమయంలో ఒక అపార్ట్‌మెంట్‌లో మోటారు మీద పని చేసుకుంటున్నాడు. టీవీ చూసే తీరిక అతనికి లేదు. ఆ అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఉంది.

వార్త తాబేలు డెస్క్ మీదకే వచ్చింది. వాళ్ళు కొట్టిన దెబ్బలకి అంబులెన్స్‌లోనే మెకానిక్కు ప్రాణం పోయిందని. 'మెకానిక్కు హత్య' అని అతను టైపు చేశాడు. భుజం వెనకనుంచి కన్సల్టెంట్ వంగి చూశాడు.

"హత్య అంటే చేసినవాళ్ళు హంతకులవుతారు. వాళ్ళు మన ప్రేక్షకులు కదండీ," అన్నాడు మెత్తగా. "జనాగ్రహం అనండి."

తాబేలు 'హత్య' చెరిపేశాడు. 'జనాగ్రహానికి అనుమానితుడు బలి.' ఎంటర్ కొట్టాడు. లేచి టాయిలెట్‌కి వెళ్ళి కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు.

తిరిగి వచ్చాక, ముందు చెయ్యాల్సిన పని అప్పుడు చేశాడు. సర్వర్‌లో స్టేషన్ ఫుటేజీ మొత్తం తెరిచి వెతకడం మొదలుపెట్టాడు. పక్కన పెట్టుకున్న టీ చల్లారేలోపు దొరికింది. తమ కెమెరామన్ తీసిందే. పేలుడు జరిగిన తర్వాతది. పొగలో ఇరుక్కుపోయిన లిఫ్ట్ తలుపుని ఆ మెకానిక్కు ఇనపకడ్డీతో పెకలిస్తున్నాడు. లోపలివాళ్ళని ఒక్కొక్కరినీ లాగుతున్నాడు. చివర్లో ఒక ముసలావిడని ఎడమ భుజానికి ఆనించుకుని, కుడి భుజాన పనిముట్ల సంచితో బయటికి వస్తూ, ఇంకా ఎవరైనా ఉన్నారా అని వెనక్కి చూశాడు. ఫోటోలో ఉన్నది సరిగ్గా ఆ క్షణమే. ముసలావిడని కత్తిరించేశారు.

ఆ క్లిప్‌ని ఉదయం మీటింగ్‌కి ముందే ఎవరో తెరిచి చూశారు. లాగిన్ మిరపకాయది.

తాబేలు మేడ మీదకి వెళ్ళి నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడ్డాడు. "బాబాయ్. చేతికింద మనిషి యాంకరే. మెకానిక్కు అమాయకుడు. ఒరిజినల్ నా దగ్గరుంది, ఇప్పుడే ప్రసారం చేస్తాను."

"చేస్తే కన్సల్టెంట్ రాత్రికి రాత్రే ఎగిరిపోతాడు. ఆగు."

"మనిషి పోయాడు బాబాయ్."

"పోయాడు కదా. ఇంక తొందరేముంది?"

మరునాడు ఉదయం తాబేలు లిఫ్ట్ కంపెనీ సూపర్‌వైజర్ అయ్యాడు. నెరిసిన మీసం, లావుపాటి కళ్ళద్దాలు, మెడలో ఐడీ కార్డు. రింగు వాళ్ళు మెకానిక్కు ఇంటివాళ్ళని కలిశారేమో తెలుసుకు రమ్మని బాబాయ్ ఆర్డరు. వంతెన మీద జనసంచారం లేదు. పేటలో షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఒక ఇంటి గోడ మీద ఎవరో రాసిన బూతుని ఒక పెద్దమనిషి తడిగుడ్డతో తుడుస్తున్నాడు. అది చెరగకపోగా ఇంకా పెద్దగా అలుక్కుంటోంది.

తలుపు తీసింది మెకానిక్కు అక్క. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహం. కంపెనీ నుంచి అనగానే కుర్చీ దులిపి వేసింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. గోడకి ఒక స్క్రూడ్రైవర్ల వరస, పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా క్రమంగా తగిలించి ఉంది. పక్కన టీవీ. దాని మీద గుడ్డ కప్పి ఉంది.

"నిన్న సాయంత్రం ఎవరైనా వచ్చారామ్మా?"

"టీవీ వాళ్ళమని ఇద్దరు వచ్చారు బాబూ. వాడి గొంతు ఉన్న వీడియోలు ఏమైనా ఉంటే కావాలన్నారు. వాడి గురించి మంచిగా చూపిస్తామన్నారు. ఫోను ఇచ్చేశాను." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత గొంతు బాగా తగ్గించింది, గోడలు వింటాయేమో అన్నట్టు. "ఒక్క మాట అడగనా? మీరు చదువుకున్నవాళ్ళు. టీవీలో అన్నిసార్లు చెప్పారంటే ఊరికే చెప్పరు కదా. వాణ్ణి చేతుల్లో పెంచాను. చీమకి కూడా హాని తలపెట్టేవాడు కాదు. అయినా నాకు తెలియకుండా ఏమన్నా చేశాడంటారా?"

తాబేలు గ్లాసు కింద పెట్టాడు. అంత నిజమూ నాలుక చివర ఉంది. మీ తమ్ముడు మనుషుల్ని బయటికి లాగాడమ్మా. ఆ ఒక్క వాక్యం.

"ముందు ఫోను సంగతి చూడు. బయటికి రా," అంది దవడ.

"విచారణ జరుగుతోందమ్మా," అన్నాడు తాబేలు.

ఆమె తలూపింది. అంటే నిజమేనన్నమాట అన్నట్టు తలూపింది. సందు మలుపు తిరిగాక తాబేలు మీసం పీకి మురుగుకాలవలో పడేశాడు. ఊరంతా నమ్మితే నమ్మింది, పెంచిన చేతుల చేత కూడా నమ్మించగలిగాడు. అతని ఉద్యోగంలో ఇంతకన్నా పెద్ద విజయం ఉండదు.

ఆఫీసుకి వెళ్ళగానే తాబేలు, కన్సల్టెంట్ పిప్పరమెంట్ల డబ్బా అడుగున బొత్తామంత మైకు అంటించాడు. మధ్యాహ్నానికల్లా సంగతి బయటపడింది.

"రేపు సాయంత్రం గ్రౌండ్‌లో నివాళి సభ. పెద్ద స్క్రీన్లన్నిటికీ మన ఫీడే," కన్సల్టెంట్ గొంతు. "మౌనం ముగియగానే వీడియో. చచ్చినవాడి ముఖం, వాడి గొంతే. కంప్యూటర్ చేసిందంటే వాడి తల్లి కూడా నమ్మదు. 'మా పేట మొత్తం సాయం చేసింది' అంటాడు. గ్రౌండ్ నుంచి వంతెనకి ఎంత దూరం? స్టూడియోలో నువ్వుంటావు కదా?"

"ఉంటాను," అంది మిరపకాయ గొంతు.

మరునాడు సభకి ముందు తాబేలు మేకప్ రూమ్ తలుపు తోసి, లోపల గడియ పెట్టాడు. మిరపకాయ అద్దం ముందు ఒక్కతే ఉంది. అతను కోటు లోపలినుంచి పిస్టల్ తీసేసరికి, ఆమె పౌడర్ డబ్బా మూత కిందనుంచి తనది తీసింది. ఇద్దరి మధ్యా బల్బుల వెలుగులో పౌడర్ రేణువులు తేలుతున్నాయి.

"నీ మీద మొదటి రోజు నుంచే అనుమానం," అంది ఆమె. "ఎంత ఇస్తున్నాడు నీకు?"

"అది నేను అడగాల్సిన ప్రశ్న. పూర్తి క్లిప్ చూసి కూడా సగం ఫోటో వేయించావు."

"వేసింది నువ్వు."

"ప్రశ్నార్థకం తీసింది నువ్వు."

అప్పుడు తాబేలు దవడలో బాబాయ్ గొంతు పలికింది. "తుపాకులు దించండి. ఇద్దరూ నా వాళ్ళే." సరిగ్గా ఆ క్షణానే మిరపకాయ చెయ్యి ఎడమ చెవి లోలాకు మీదకి వెళ్ళింది. ఆమెకీ అదే గొంతు, అదే మాట.

ఇద్దరూ తుపాకులు దించారు.

"మూడేళ్ళ కింద రింగు ఆమెకి డబ్బు ఎర వేసింది. ఆమె నా దగ్గరికొచ్చింది. వాళ్ళ మనిషిలా నటించమన్నాను," అన్నాడు బాబాయ్. "ఒకరి సంగతి ఒకరికి తెలిస్తే నటనలో తేడా వస్తుందని చెప్పలేదు. మీ ఇద్దరూ కాక లోపల ఇంకెవరో ఉన్నారనుకున్నాను. లేరని ఇప్పుడు తేలింది."

మిరపకాయ మెల్లగా స్టూలు మీద కూర్చుంది. "నువ్వు అంత ఉత్సాహంగా రాస్తుంటే వాళ్ళ మనిషివనుకున్నాను. నీకు అనుమానం రాకూడదని ఇంకా రెచ్చిపోయి చదివాను."

"నువ్వు అలా చదువుతుంటే, నీకు అనుమానం రాకూడదని నేను అలా రాశాను."

"ప్రశ్నార్థకం తీసెయ్యమని నాకు చెప్పింది బాబాయే."

"ఫోటో వేసెయ్యమని నాకు చెప్పిందీ ఆయనే."

ఆమె అద్దంలోకి చూసుకుంది, కెమెరానే తడబడేలా చేసే ఆ కళ్ళలోకి. తర్వాత తలుపు గడియ తీసి స్టూడియోకి వెళ్ళిపోయింది.

కంట్రోల్ రూమ్‌లో కన్సల్టెంట్ ఆపరేటర్‌ని టీకి పంపించేసి తానే మీటల ముందు కూర్చున్నాడు. పక్కన పొగలు కక్కుతున్న కాఫీ. మానిటర్ మీద గ్రౌండ్ కనిపిస్తోంది, ఇసక వేస్తే రాలనంత జనం, వంచిన తలలు. ఆ మౌనం ముగియడానికి ఇంకొద్దిసేపే ఉంది. తాబేలు రోజూ వచ్చేవాడిలాగే వచ్చి నిలబడ్డాడు.

"వీడియో మొదలవ్వనీ," అంది దవడ. "మొదటి వాక్యం ప్రసారమైతే కేసు గట్టిగా నిలబడుతుంది. మన టీమ్ మెట్ల మీద ఉంది."

మొదటి వాక్యం. అంత జనానికి మొదటి వాక్యం చాలు. మొన్న ఒక్క ఫోటోనే చాలింది.

తాబేలు టేబుల్ మీద కాఫీ కప్పు తీసుకుని గుక్కెడు నోట్లో పోసుకుని దవడ పక్కన పట్టి ఉంచాడు. నాలుక కాలింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దవడలో చిటపటమంది, తర్వాత ఏ గొంతూ లేదు. మూడు రోజుల్లో మొదటిసారి అతని తలకాయలో అతనొక్కడే మిగిలాడు.

"అది నా కాఫీ," అన్నాడు కన్సల్టెంట్ విస్తుపోయి.

మిగిలిన కాఫీ అతని ముఖం మీదకి వెళ్ళింది. కన్సల్టెంట్ కేకపెడుతూనే కుర్చీ కిందనుంచి చిన్న పిస్టల్ లాగాడు. తాబేలు కుర్చీని తన్నాడు. చక్రాల కుర్చీ గిర్రున తిరిగి గోడకి కొట్టుకుంది, గుండు పైకప్పులో దిగింది. ఇద్దరూ కలబడి మీటల మీద పడ్డారు. గ్రౌండ్‌లో తలలు పైకి లేస్తున్నాయి. ఒక మెత్తటి వేలు సాగి, ఎర్ర బటన్ నొక్కేసింది.

పెద్ద స్క్రీన్ల మీద చచ్చిపోయిన మనిషి ముఖం వెలిగింది. గ్రౌండ్‌లో ఒక గర్జన బయల్దేరింది. తెర మీద పెదవులు విడివడ్డాయి.

మాట బయటికొచ్చేలోపు తాబేలు మోచేత్తో కన్సల్టెంట్ గొంతు నొక్కిపట్టి, రెండో చేత్తో, తాను ముందే ఒరిజినల్ క్లిప్ ఎక్కించి ఉంచిన పక్క బటన్ కొట్టాడు.

తెర మీద పొగ. పొగలో ఒక మనిషి, ఇనపకడ్డీతో లిఫ్ట్ తలుపుని పెకలిస్తున్నాడు. మనుషుల్ని లాగుతున్నాడు. ముసలావిడని భుజానికి ఆనించుకుని నడుస్తున్నాడు. స్టూడియోలోంచి మిరపకాయ గొంతు వచ్చింది, ఎప్పుడూ ఉండే కారం ఏమీ లేకుండా. "ఇది పూర్తి దృశ్యం. మొన్న మేం మీకు చూపించింది ఇందులో సగం. అతను బాంబు పెట్టినవాడు కాదు. బతికున్నవాళ్ళని బయటికి తెచ్చినవాడు."

గర్జన ఆగలేదు. కొందరు "అబద్ధం" అని అరిచారు. నిన్నటిదాకా ఏది అబద్ధమో వాళ్ళకి తెలియజెప్పింది ఈ గొంతే మరి. అప్పుడు జనం మధ్యలోంచి ఒక మగమనిషి, మైకులో దొరికేంత బిగ్గరగా అన్నాడు. "అది మా అమ్మ. ఆ ముసలావిడ మా అమ్మ. ఎవరు తెచ్చారో చెప్పలేకపోయింది. వీడా తెచ్చింది?" ఆ మనిషి కూలబడి ఏడుస్తుంటే చుట్టూ కొంచెం జాగా ఏర్పడింది. ఆ జాగా మెల్లమెల్లగా పెద్దదైంది. ఒక గుంపు మాత్రం కర్రలతో వంతెన దాకా నడిచింది. వెనక్కి తిరిగి చూసుకుంటే తాము కొద్దిమందే ఉన్నారని తెలిసి, కర్రలు కిందికి దించి ఇళ్ళకి పోయింది.

టీమ్ లోపలికొచ్చి కన్సల్టెంట్ చేతులకి బేడీలు వేసింది. అతను కాఫీ మరకల చొక్కాని చూసుకుని, తాబేలునీ, స్టూడియోలోంచి వచ్చిన మిరపకాయనీ మార్చి మార్చి చూశాడు.

"నేను ఇచ్చింది ఒక్క ఫోటో," అన్నాడు మెత్తగా. "ప్రశ్నార్థకం తీసింది నేను కాదు. పోల్ పెట్టింది నేను కాదు. ఈమె మా మనిషే అనుకున్నాను. ఇన్‌ఛార్జి గారి పనితనం చూసి, మావాళ్ళు నాకు చెప్పకుండా ఈయన్ని కూడా పెట్టారేమో అనుకున్నాను."

టీమ్ అతన్ని మెట్ల మీదుగా దించుకుపోయింది.

అతని ఫోను ఆధారంగా అసలు బాంబు పెట్టినవాళ్ళు మర్నాటికి దొరికారు. ఛానల్ మాత్రం అన్నిటికన్నా ముందు మేల్కొంది. 'మా ఎఫెక్ట్: విదేశీ కుట్ర భగ్నం' అని ఎర్రపట్టీ ఊపేసింది. ఛైర్మన్ కేక్ తెప్పించాడు. మొన్నటి పొరపాటుకి సవరణ కూడా వేశారు, క్రికెట్ స్కోరుకీ బంగారం ధరకీ మధ్య.

క్లినిక్కులో బాబాయ్ కాలిపోయిన క్యాప్ పట్టకారుతో ఊడదీశాడు. ఆర్డరు దాటినందుకు కాసేపు తిట్టాడు. తర్వాత మెత్తబడ్డాడు. "మొత్తానికి అత్తయ్యకి జ్వరం తగ్గింది. మన వైపు నష్టం ఏమీ లేదు."

"ఒకడు పోయాడు."

"అతను మనవాడు కాదుగా."

"మొన్నంతా టీవీలో మనం చెప్పింది కూడా అదే కదా బాబాయ్," అన్నాడు తాబేలు, చెంప పట్టుకుని లేస్తూ.

మిరపకాయ వంతెన దాకా తాబేలుతో కారులో వచ్చింది. అక్కడ బండి ఆపించి, స్టీరింగ్ ముందున్న డ్రైవర్ వీపు కేసి చూస్తూ కూర్చుంది. "నేను దిగలేను. నన్ను చూస్తే ఆ అక్కకి ఇంకేం చెప్పక్కర్లేదు," అంది. తాబేలు ఒక్కడే నడిచాడు. మీసం లేదు, కళ్ళద్దాలు లేవు, ఏ కార్డూ లేదు. పేటలో షట్టర్లు సగానికి లేచి ఉన్నాయి.

మెకానిక్కు అక్క అతన్ని గుర్తుపట్టలేదు. "ఎవరు కావాలి బాబూ?"

"మీరేనమ్మా." ముందుగా అనుకుని వచ్చిన మాటలన్నీ గుమ్మం దగ్గరే ఎక్కడికో పోయాయి. "నేను ఆ ఛానల్లో వార్తలు రాస్తాను. మీ తమ్ముడి ఫోటో వేసింది నేనే."

ఆమె తలుపు చెక్క పట్టుకుంది.

"నిన్న గ్రౌండ్‌లో వేసింది? మావాడు అందర్నీ బయటికి లాగేది? అది వేసింది ఎవరు?"

"అదీ నేనేనమ్మా."

"అయితే రెండూ మీ దగ్గరే ఉన్నాయన్నమాట," అంది ఆమె.

అందులో కోపం లేదు. లెక్క సరిచూసుకున్నట్టు అంది, అంతే. తర్వాత తలుపు వేసుకుంది. విసురుగా కాదు, లోపల ఎవరో నిద్రపోతున్నారన్నట్టు నెమ్మదిగా.

గూఢచారిగా అన్నేళ్ళలో తాబేలు తానెవరో ఉన్నదున్నట్టు చెప్పింది అదే మొదటిసారి. చెప్పీ చెప్పగానే పట్టుబడిపోయాడు.